అర ఇంచు ఇటుక

డబ్బా విప్పంగనే ఖాజా నవ్విండు:
"ఉస్తాద్, చాయ్‌ల ముంచితే మెత్తబడ్తయేమో!"
అర ఇంచు మందం.
అరచేతుల పెట్టుకుంటే
ఇటుక తాను రాక ఫోటో పంపినట్టున్నది.

నార్సింగి, పద్నాలుగో అంతస్తు.
హాల్ల, టీవీ వెనక గోడ.
నున్నటి పుట్టీని గీకి గీతలు పెడితే గాని
గమ్ము పట్టదంటే
హిమజ మేడం కండ్లు మూసుకున్నది.
ఆ పుట్టీ ఎనిమిది నెలల కింద మా బామ్మర్ది చేసిందే.
ఆ మాట నేను చెప్పలే.

"ఇది నిజం ఇటుకేనా?" అనడిగింది.
"నిజందే మేడం. కోసిన్రు, అంతే."

నాలుగు డబ్బాలు కలిపి నేల మీద పరిచినం.
ఒక్క డబ్బావన్నీ ఒక్క తాన పడితే
గోడకు దద్దురు లేచినట్టుంటది.
కాలిన ఎరుపు పక్కన గోధుమ రంగు,
దాని పక్కన కొంచెం మాడింది.
ఖాజా ఒకటి పెడ్తడు, నేను తీస్త,
నేనిటు తిరగంగనే మళ్ళ అదే పెడ్తడు.

అడుగున పట్టీ కొట్టి రసమట్టం పెట్టిన.
బుడగ అటు ఇటు ఊగి ఓ పక్కకు కూసున్నది.
నేల మూడు సూతులు కిందికున్నది,
బిల్డర్ కాయితంల ఆ సంగతి లేదు.

పళ్ళ కరండితో గమ్ము గీసుడు,
ఒక్కొక్కటి ఒత్తుడు, జర్ర కదిలించి ఇడిసిపెట్టుడు.
వరసకు వరస సగం జరగాలె.
స్విచ్‌బోర్డు కాడ గ్రైండర్ పట్టిన.
ఎర్ర దుమ్ము లేసింది,
అండ్ల మా నాయిన అంగీ వాసన.

ఆయన ఇటుకలు కొనేటప్పుడు
రెండిటిని ఒకదానికొకటి కొట్టి చెవి పెట్టేటోడు.
ఖంగుమంటేనే బండెక్కేది.
"కిందిది మోస్తున్నదని పైదానికి ఎరుకుండాలె ర" అనేటోడు.
ఇక్కడ ఏదీ దేన్నీ మొయ్యదు.
ఎవలి గమ్ము వాళ్ళదే.
నడుమల ఒకటి ఊడదీసినా
పైది కిందికి చూడదు.

మూలకు వంపు ముక్కలు వేరే వస్తయి,
రెండు దిక్కుల ఇటుక కనపడేటట్టు.
అవి పెట్టినంక నేనే మోసపోయిన.
పొద్దుగాలటి గోడకు
తొమ్మిదించుల ఒళ్ళొచ్చింది.

రెండోనాడు మేడం దూరం నిలబడి చూసి
"ఇంకొంచెం పాతగా కనపడాలి" అన్నది.
సుత్తె తీసుకొని అంచులు అక్కడక్కడ పెచ్చులు లేపిన.
సోమవారం డబ్బాల దిగిన ఇటుకకు
మంగళవారం నూరేండ్లు నిండినయి.

ఇగ సందులు.
కోనుల సిమెంటు నింపి పిండుతుంటే నా చెయ్యి వణికింది.
ఖాజా గుంజుకున్నడు.
పండుగలప్పుడు వాళ్ళ అక్క మదీనా కాడ మెహందీ పెడ్తది,
చూసి చూసి వచ్చిందట.
గీత తెగకుండ, పొంగకుండ
గోడ చెయ్యి చాపినట్టే ఉన్నది.
నేను వెనకనుంచి తుడుచుకుంట పోయిన,
ఉస్తాద్‌ను అన్న సంగతి మరిచిపోయి.

రాత్రి, జగద్గిరిగుట్ట.
మా ఇల్లు లేపి ఏడేండ్లు, ఇంకా గిలాబు లేదు.
వానకు పడమటి గోడ చెమట పడ్తదని
అనసూయ ఫ్లెక్సీ కట్టింది,
అండ్ల కోచింగ్ సెంటర్ ర్యాంకర్లు
తలకిందులుగ నవ్వుతుంటరు.

ఫోన్ల ఆ గోడ చూపిచ్చిన.
వేళ్ళతో పెద్దగ చేసి, చేసి, చూసి
"అయ్యో, అంత ఎత్తు లేపినోళ్ళకు
గిలాబుకు పైసలు సాలలేదా?" అన్నది.
నేను నవ్విన.
ఎంత అయ్యిందో చెప్పలే.

సంచిల మిగిలిన ముక్కలు రెండున్నయి.
మా బీరువా ఒక కాలు ఎప్పటికి ఆడుతది,
తలుపు తీసినప్పుడల్ల లోపల గాజులు మోగుతయి.
అనసూయ ఎత్తి పట్టింది, నేను కింద దూర్చిన.
ఒకటి సాలలే.
రెండోది పెట్టంగ కుదిరింది.

తలుపు తీసి చూసినం. చప్పుడు లేదు.
"పల్చగున్నయి, పలుగుతయేమో" అన్న నేను.
"ఇటుకనే కద," అన్నది
చేతులు దులుపుకుంట, "మోస్తది."